తొమ్మిదో టేబులు కోరిక

కర్నూల్లో పాటల హోటలు ముప్పై ఏళ్ళుగా మూతపడకుండా ఎలా నడుస్తోందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. యజమాని దావీదురాజు దేవుని కృప అంటాడు. వంట చేసే సోమక్క, "కృపా లేదు గిపా లేదు, నా ఉగ్గాని బజ్జీ" అంటుంది. డ్రమ్స్ వాయించే హనుమేష్ అయితే నోరు విప్పడు. రెండు పుల్లలూ గాల్లో ఒకసారి తిప్పి చూపిస్తాడు. తన వల్లేనని దాని అర్థం. బోర్డు మీద 'తుంగా మ్యూజిక్ హాల్' అని ఉంటుంది గానీ ఆ పేరు చెప్తే ఆటోవాళ్ళు బుర్ర గోక్కుంటారు. పాటల హోటలు అనాలి. శుక్ర, శని, ఆదివారాలు సాయంత్రం ఆరున్నరకు పాటలు మొదలవుతాయి. పద్నాలుగు టేబుళ్ళు, ఒక చిన్న వేదిక, గోడ మీద నిలువెత్తున రెండు వేల తొమ్మిది వరద వదిలిపోయిన గోధుమరంగు గీత. మూడుసార్లు సున్నం వేసినా ఆ గీత పోలేదు. పోకపోతే పోయిందిలే, చూడ్డానికి వస్తున్నారు కదా అని దావీదురాజు దాని పక్కన తేదీ రాయించాడు.

ఇంతమంది ఇన్ని మాటలు చెప్తారు గానీ యశోద పేరు మాత్రం ఎవరూ చెప్పరు. ఆమె కూడా చెప్పుకోదు. ఆమె పని చీటీలు.

వేదిక పైన 'చీటీ లేనిదే పాట లేదు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మొదటి రోజు నుంచీ ఆ హాలుకు అదే కట్టుబాటు. వినడానికి వచ్చినవాళ్ళు కావలసిన పాట చీటీ మీద రాయాలి. యశోద స్టీలు పళ్ళెం పట్టుకుని టేబుల్ టేబుల్‌కూ తిరిగి తీసుకుంటుంది. వేదిక పక్కన నిలబడి ఒక్కొక్కటే అందిస్తుంది. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా, నోటితో అడిగితే పాడరు. ముందొచ్చిన చీటీ ముందు అని అందరూ అనుకుంటారు. అనుకోనీ, తప్పేముంది?

బుధవారం పొద్దున యశోద హాల్లో నేల మీద కూర్చుని పాత క్యాలెండరు కాగితాలను చీటీలుగా కోస్తోంది. కాగితం మడిచి, మడతను గోటితో గీసి, లోపల దారం పెట్టి లాగితే కత్తెరతో కోసినట్టు వస్తుంది. ముప్పై ఏళ్ళ చేయి, చూడకుండానే లాగుతుంది. చెవి మీద నీలం పెన్సిలు ఉంది. పార్సిళ్ళ మీద పేర్లు రాయడానికి వంటింట్లో వాడే పెన్సిలది.

దావీదురాజు కూతురు నిస్సీ చేతిలో స్టిక్కర్ల కట్టతో వచ్చింది. బెంగళూరులో రెండేళ్ళు పెద్ద హోటల్లో పనిచేసి వచ్చిన పిల్ల. తండ్రికి మోకాలి ఆపరేషన్ అయినప్పటినుంచీ పెత్తనం తనదే.

"అత్తా, ఇంగ ఆ పని నీకు లేదు."

"యాలమ్మా? నాలుగు క్యాలెండర్లు ఉండాయి కదా ఇంగా."

"అది కాదత్తా. చీటీలే లేవు ఇంగ." నిస్సీ ఒక స్టిక్కరు చూపించింది. నలుపు తెలుపు గళ్ళ బొమ్మ. "దీన్ని ఫోన్లో చూస్తే పాటల జాబితా వస్తాది. నచ్చిన పాట మీద నొక్కితే సరి. ఏ పాటకు ఎక్కువమంది నొక్కితే అది ముందు. తెర మీద అందరికీ కనపడ్తాది. దాపరికం ఏమీ ఉండదు."

దాపరికం అనేసరికి యశోద చేతిలో దారం ఒక్క క్షణం ఆగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చెవి మీది పెన్సిలు ఒకసారి తడుముకుంది.

"మరి నేనేం చేసేది?"

"వచ్చినోళ్ళకు టేబుల్ చూపిచ్చు, చాలు. శనివారం నుంచే మొదలు." నిస్సీ టేబుళ్ళకు స్టిక్కర్లు అంటిస్తూ పోయింది. "ఒక్కో స్టిక్కరు ఒక్కో టేబుల్‌ది. తుడిచేటప్పుడు ఊడొస్తే నాకు చెప్పు, మార్చి అంటించొద్దు." తొమ్మిదో టేబుల్ దగ్గర ఆగి, గొంతు తగ్గించింది. "ఇంగొకటత్తా. రెండు శనివారాలు చూస్తా. ఎవరి పాట ఎవురూ అడగరో వాళ్ళు ఇంగ ఇంటికాడ రెస్టు తీసుకోవచ్చు. శాంతయ్య పెదనాయనకు డెబ్బై వచ్చినాయి కదా. మర్యాదగానే పంపిద్దాం. శాలువా కప్పి."

శాలువా! యశోద లాగుతున్న చీటీ అడ్డంగా చిరిగింది.

ఎందుకంటే శాంతయ్య హార్మోనియం వాయిస్తూ సొంతంగా పాడే పాట ఇప్పుడు ఒక్కటే మిగిలింది. తక్కినవన్నీ శివజ్యోతి పాడుతుంది, చిన్నపిల్ల, గొంతు గంట. శాంతయ్యది తుంగమ్మ పాట. తుంగభద్ర వరద తగ్గాక, బురద ఎత్తిపోస్తూ ఆయనే కట్టుకున్నాడు.

*వస్తివి సరే తుంగమ్మా, వాకిట నిలవగ రాదటమ్మా*
*పిలవని పేరంటం వస్తివి, పీట వేసుక కూచుంటివి*

ఆ పాట కోసం ఒకే ఒక్కసారి చీటీ వచ్చింది. ఆ శనివారం శాంతయ్య మొహం చూడాలి మీరు! మరుసటి వారం ఆయన ప్రతి చీటీకీ తల ఎత్తి చూశాడు. రాలేదు. ఆ పై వారం యశోద వంటింటి గుమ్మం చాటున నిలబడి ఎడమచేత్తో, ఆ నీలం పెన్సిలుతోనే ఒక చీటీ రాసింది. 'ఆదోని నుంచి ఒక అభిమాని. తుంగమ్మ పాట.' తర్వాత ఆళ్ళగడ్డ అభిమాని, ఆ తర్వాత పత్తికొండ, డోన్, నంద్యాల. ఇన్నేళ్ళలో శాంతయ్యకు అభిమాని లేని ఊరు జిల్లాలో మిగల్లేదు. ఆ చీటీలన్నీ ఆయన హార్మోనియం పెట్టెలో దాచుకున్నాడు.

ఇప్పుడా అభిమానులందరూ ఫోన్లు కొనుక్కోవాలి. యశోద దగ్గరేమో నొక్కుడు బటన్ల ఫోను!

శుక్రవారం హాలుకు సెలవిచ్చారు, తెర బిగించడానికి. మధ్యాహ్నం ప్రాక్టీసుకు వచ్చిన శాంతయ్య హార్మోనియం తిత్తిని మెత్తని గుడ్డతో తుడుస్తూ స్టిక్కర్ల సంగతి విన్నాడు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం. కాసేపు తుడిచిందే తుడిచాడు.

"మంచిదేలే," అన్నాడు. "అవునూ యశోదమ్మా, ఆ ఆళ్ళగడ్డాయనకాడ ఫోను ఉంటాదంటావా?"

"ఉండకేమన్నా! ఈ కాలంలో ఫోను లేనోడు ఎవుడు?"

"పాపం, పెద్దాయనేమో. నొక్కేది వస్తాదో రాదో."

"నేర్చుకుంటాడులే," అంది యశోద, మొహం అటు తిప్పుకుని.

అక్కడినుంచి నేరుగా వంటింట్లోకి పోయింది. సోమక్క శనగపిండి కలుపుతోంది.

"సోమక్కా, నీ ఫోను ఒకసారి ఇయ్యి."

"చేతులు పిండి. నడుములో ఉండాది, తీసుకో. ఏం పని?"

యశోద చెప్పింది. సోమక్క పిండి కలపడం మానేసి నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అమ్మ దొంగా! పదహారేండ్లు రాసినావా? ఆ మహానుభావుడు నంద్యాల అభిమాని కోసరం ఒకసారి నా చేత బజ్జీ పార్సిలు కట్టిచ్చినాడే! వస్తే ఇమ్మని! అది ఎవురు తినింది?"

"నేనే తింటి. నవ్వొద్దక్కా, ఆయన్ని ఇంటికి పంపిస్తారంట."

సోమక్క నవ్వు ఆపింది. ఒక్క ఫోను ఏ మూలకు? కనీసం ఇరవై కావాలని ఇద్దరూ లెక్క తేల్చారు. హాలు లోపల ఎవరినీ అడగడానికి లేదు, నిస్సీ అక్కడే తిరుగుతుంటుంది. బయట ఆటోస్టాండులో మారెన్న ఉన్నాడు, అతని జతగాళ్ళు ఉన్నారు. పూలమ్మేవాళ్ళు, చెరుకు రసమాయన. అందరికీ ఫోన్లే. కానీ స్టిక్కరు టేబుల్ మీద ఉందే!

చేతులు కడుక్కునే తొట్టి పక్కన తొమ్మిదో టేబుల్ స్టిక్కరు నీళ్ళు చింది అప్పటికే ఒక మూల లేచింది. యశోద బజ్జీ మిరపకాయలు చీల్చే చిన్న కత్తి తెచ్చింది. చిరక్కుండా లేపింది. లేపినదాన్ని చీటీల పళ్ళెం అడుగున అంటించి, అరచేత్తో గట్టిగా రుద్దింది.

శనివారం సాయంత్రం ఆరు గంటలకు ఆటోస్టాండులో ఒక వింత జరిగింది. యశోద పళ్ళెం బోర్లించి పట్టుకుని హారతి పళ్ళెంలా ఒక్కొక్కరి ముందుకూ తిప్పుతుంటే, ఒక్కొక్కరూ ఫోను పెట్టి నొక్కుతున్నారు.

"యాడ నొక్కాల పిన్నమ్మా?" అన్నాడు మారెన్న.

"కిందికి పో. ఇంగా కిందికి. అట్టడుగున ఉండాది చూడు, తుంగమ్మ పాట."

"ఇది ఎట్లుంటాదో మాకు తెలీదే. పదేండ్లుగా జనాన్ని ఈడ దింపుతాండా గానీ, లోపలికొచ్చి విన్నది లేదు."

"నొక్కప్పా ముందు. విన్యాక తిడుదువులే."

ఇరవై మూడు. యశోద వేళ్ళ కణుపులమీద లెక్కపెట్టుకుంది. పళ్ళెం కొంగు కింద దాచుకుని, తలుపు దగ్గరికి వచ్చి, వచ్చినవాళ్ళకు ఏమీ ఎరగనట్టు టేబుళ్ళు చూపించసాగింది. తొమ్మిదో టేబుల్ మాత్రం ఖాళీ. తెర బిగించినవాళ్ళు వైర్ల పెట్టెలు దానిమీదే పెట్టిపోయారు.

ఆరున్నరకు తెర వెలిగింది. మొదట డప్పుల పాట, నలభై ఒక్క ఓట్లు. ఆ నెలలో వచ్చిన సినిమాది. ఏ ఆటోలో చూసినా అదే. శివజ్యోతి అందుకుంది, హనుమేష్ విజృంభించాడు, కుర్రకారు ఈలలు. నిస్సీ మొహం వెలిగిపోయింది. యశోదకు ఒళ్ళు మండిపోయింది గానీ, చీర కుచ్చెళ్ళ కింద ఆమె కుడికాలు మాత్రం తాళం వేస్తోంది. గమనించుకుని ఆపింది. ఇదేం కాలు, బుద్ధి లేకుండా!

పాట అయిపోయింది. తెర మీద మళ్ళీ డప్పుల పాట, ముప్పై ఎనిమిది ఓట్లు. ఈలలు వేసినవాళ్ళే మళ్ళీ నొక్కారు. చీటీ అయితే యశోద రెండోదాన్ని గుప్పిట్లో నలిపేసేది. ఫోనుకు గుప్పిట్లేదు కదా! మళ్ళీ పాడారు. తర్వాత అలాంటివే ఇంకో రెండు, ఆపైన మూడోసారి డప్పులే.

యశోద మొహాలు చూస్తోంది. చూడకుండా ఉండలేదు. రెండో టేబుల్ దగ్గర చంటిపిల్ల చెవులు మూసుకుంది. ఆ తల్లికి ఊయల పాట పడాలి, పడితే ఇంకో ప్లేటు చెప్తుంది. పదకొండులో కొత్త పెళ్ళికొడుకు ఏదో మాట చెప్పబోయి, వినపడక మానేశాడు. నాలుగో టేబుల్ దగ్గర రంగస్వామి. కాలువల ఆఫీసులో చేసి రిటైరైనాయన. ప్రతి శనివారం వచ్చి రెండు టీలు చెప్తాడు, ఒకటి తాగుతాడు, రెండోది ఎదురు కుర్చీ ముందు చల్లారిపోతుంది. భార్య ఉన్నప్పుడు ఆమె రైలు పాట అడిగేది. ఆమె పోయాక ఈయన ఒక్క చీటీ రాయలేదు. అయినా ప్రతి శనివారం రైలు పాట వచ్చేది. ఎలా వచ్చేదో చెప్పనక్కర్లేదు.

ఈరోజు రాలేదు. మూడోసారి డప్పులు మొదలైనప్పుడు ఆయన తన టీ కూడా సగంలో వదిలేసి లేచాడు. తలుపు దగ్గర యశోదను చూసి, "ఏమమ్మా, ఈవారం చీటీల్లేవా?" అన్నాడు.

"రేపు రండి సారూ," అంది యశోద. రేపేముందో ఆమెకే తెలియదు. అనేశాక దుఃఖం వచ్చింది.

ఎనిమిది అయ్యేసరికి సగం టేబుళ్ళు ఖాళీ. మిగిలినవాళ్ళు ఫోన్లలో తలలు దూర్చారు. వేదిక మీద శాంతయ్య మూతపెట్టిన హార్మోనియం మీద చేతులు పెట్టుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు. అప్పుడు తెర మీద వచ్చింది. తుంగమ్మ పాట, ఇరవై మూడు.

నిస్సీ తెరకేసి చూసింది. తన చేతిలోని ఫోనుకేసి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

శాంతయ్య మూత తీశాడు. సోంపు నోట్లో వేసుకుని, తిత్తి ఒకసారి ఊది, నిమ్మళంగా మొదలుపెట్టాడు. *వస్తివి సరే తుంగమ్మా...*

రెండో చరణం దాకా ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు తలుపు దగ్గర అలికిడి. యశోద తిరిగి చూస్తే మారెన్న. వెనక ఖాకీ చొక్కాలు, వాళ్ళ వెనక పూలబుట్టలు, చెరుకు రసమాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ.

"ఏందప్పా, అందరూ ఈడికొచ్చినారు?" అని గుసగుసగా అడిగింది.

"మేమడిగిన పాట కదా పిన్నమ్మా," అన్నాడు మారెన్న, అదేం ప్రశ్న అన్నట్టు. "మేం వినకుంటే ఎవురింటారు?"

వాళ్ళు లోపలికొచ్చి గోడవెంట వరసగా నిలబడ్డారు. వరద గీత వాళ్ళ తలల మీదుగా పోతోంది. పీట వేసుకుని కూర్చున్న తుంగమ్మను శాంతయ్య 'కాఫీ తాగి పోతావా, కాపురమే పెడతావా' అని నిలదీసేసరికి, పూలమ్మే ఆమె గట్టిగా నవ్వింది. "మా ఇంట్లో పదునాలుగు దినాలు పెట్టింది కాపురం!" అని అరిచింది. హాలంతా నవ్వు. ఫోన్లలోని తలలు లేచాయి. పల్లవి మళ్ళీ వచ్చేసరికి మారెన్న అందుకున్నాడు, అతని వెనక ఆటోవాళ్ళందరూ. రెండో టేబుల్ దగ్గర చంటిపిల్ల చప్పట్లు కొట్టింది. శాంతయ్య వేళ్ళు పరుగెత్తాయి. డెబ్బై ఏళ్ళ మనిషి కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, అడక్కుండానే చివరి చరణం రెండుసార్లు పాడాడు.

చప్పట్లు ఆగాక నిస్సీ వచ్చి యశోద చెయ్యి పట్టుకుని చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి తీసుకుపోయింది.

"అత్తా, తొమ్మిదో టేబుల్‌కు ఎన్ని కుర్చీలు?"

"నాలుగు."

"ఈపొద్దు ఎంతమంది కూచున్నారు?"

యశోద వైర్ల పెట్టెలకేసి చూసింది. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని.

"ఇరవైమూడు మందీ తొమ్మిదో టేబుల్ నుంచే నొక్కినట్టు ఉండాది నా ఫోన్లో," అంది నిస్సీ.

యశోద కొంగు కింది నుంచి పళ్ళెం తీసి తిరగేసింది. ఇంక దాచి లాభం లేదు. అంతా చెప్పేసింది. నీలం పెన్సిలు, ఎడమచెయ్యి, ఆదోని, ఆళ్ళగడ్డ. "నన్ను పంపిచ్చేయమ్మా," అంది చివరికి. "తప్పు నాది. ఆయప్పను మాత్రం పంపొద్దు. ఆయనకేం తెలీదు."

నిస్సీ పళ్ళెం అందుకుని, అడుగునున్న స్టిక్కరును గోటితో గీకి చూసింది. తర్వాత, "నాలుగో టేబులాయన యాల లేసిపోయినాడు?" అంది.

యశోద చెప్పింది. రైలు పాట, చల్లారే టీ.

"పదకొండు?"

"కొత్తగా పెండ్లయినోళ్ళు. వాళ్ళకు చప్పుడు లేని పాట పడాల. మాట్లాడుకోవాల కదా."

"రెండు? ఆరు? పదమూడు?"

అన్నీ చెప్పింది. నిస్సీ తొట్టి గట్టు మీద కూలబడింది. "ఇదంతా యాడ రాసిపెట్టుకున్నావత్తా?"

"రాసేదేముంది? మొగాలు కనపడ్తాండ్లా?"

నిస్సీకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "మా నాయన దేవుని కృప అంటాంటే నిజమే అనుకుంటిని," అంది. "నువ్వు యాడికి పోతావు గానీ, పోయి ఆటోవాళ్ళకు టీలు ఇయ్యమని సోమక్కకు చెప్పు."

ఆదివారం నిస్సీ స్టిక్కర్లు పీకలేదు. పీకితే ఓడిపోయినట్టు కదా, పట్టుదల పిల్ల. పాటల జాబితా తీసేసి అందులో వంటకాల జాబితా పెట్టింది. టేబుళ్ళ మీదికి చీటీలూ, పెన్సిలు ముక్కలూ మళ్ళీ వచ్చాయి. పళ్ళెం అడుగునున్న స్టిక్కరు పీచుతో రుద్దినా రాలేదు, అలాగే ఉంది. సాయంత్రం నాలుగో టేబుల్ దగ్గర రంగస్వామి రెండు టీలు చెప్పాడు. మొదటి చీటీ రైలు పాటదే. గోడవెంట మారెన్న వాళ్ళకు బెంచీ వేశారు. ఈసారి తుంగమ్మ పాటకు ఆ బెంచీ నుంచి చీటీలు వచ్చాయి, నిజం చీటీలు, మసి వేలిముద్రలతో సహా.

ఏడున్నర వేళ యశోద వేదిక పక్కకు రాగానే శాంతయ్య జేబులోంచి ఒక మడత తీసి పళ్ళెంలో వేశాడు. విప్పింది. నీలం అక్షరాలు. చెవి తడుముకుంది. పెన్సిలు లేదు.

'తుంగ ఒడ్డు నుంచి ఒక అభిమాని. యశోదమ్మకు ఏ పాట ఇష్టమో ఆ పాట.'

"అన్నా!" అంది. "నీకెప్పట్నించి తెలుసు?"

"రెండో చీటీ నుంచే. ఆదోనాయనకూ, డోనాయనకూ, నంద్యాలాయనకూ అందరికీ నీలం పెన్సిలేనా తల్లీ?"

"మరి చెప్పల్యా?"

"చెప్తే రాసేది మానుకుంటావని." శాంతయ్య తిత్తి మీద చెయ్యి వేశాడు. "చెప్పు, ఏం పాట? చీటీ పడినాది. చీటీ చీటీనే."

హనుమేష్ పుల్లలు పైకెత్తి ఆగాడు. శివజ్యోతి మైకు పట్టుకుని చూస్తోంది. హాలంతా ఇటే చూస్తోంది. ముప్పై ఏళ్ళలో యశోదను ఎవరూ ఈ మాట అడగలేదు. తనను తాను కూడా అడుక్కోలేదు. ఊయల పాటా? రైలు పాటా? అన్నీ ఎవరివో ఒకరివి. తనది ఏది? చీర కుచ్చెళ్ళ కింద కుడికాలు కదిలింది.

సిగ్గుతో మొహం ఎర్రబడింది ఆమెకు.

"ఆ... నిన్న మూడుసార్లు కొట్టినారే," అంది మెల్లగా. "ఆ డప్పుల పాట."

నిస్సీ పగలబడి నవ్వింది, గోడకు ఆనుకుని మరీ. శాంతయ్య పొట్లంలోంచి ఇంకాస్త సోంపు తీసుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, "పట్టప్పా హనుమేషా," అన్నాడు.

నిస్సీ తొమ్మిదో టేబుల్ దగ్గర కుర్చీ లాగి, యశోద భుజాలు పట్టి కూర్చోబెట్టింది. ఆ హాల్లో కుర్చీలో కూర్చుని పాట వినడం యశోదకు అదే మొదటిసారి. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. కాలిని ఈసారి ఆపలేదు.

వంటింటి గుమ్మంలోంచి సోమక్క కేకేసింది. "యశోదా! తొమ్మిదో టేబుల్‌కు బజ్జీ పంపించేదా?"

"పంపు," అంది యశోద, వేదిక మీది నుంచి చూపు తిప్పకుండానే. "వేడివేడిగా!"